మరమ్మతు పద్దు

మా యింటి పద్దుపుస్తకములో బియ్యమునకు, పాలకు, పిల్లల చదువునకు, మందులకు, స్వదేశ ప్రయాణమునకు వేరువేరు పుటలు కలవు. ఇంటిని వెచ్చగా నుంచు యంత్రమునకు మాత్రము చాలకాలము పుట లేకుండెను. అదియు గోడలవలె, పైకప్పువలె ఇంటితోపాటు ఉండునదే యని నేను తలచితిని గాబోలు. అది తప్పని తెలిసికొనుటకు మూడు మరమ్మతులు పట్టినవి. ఆ మూడింటి కథయు సోదరీమణులకు కొంత ఉపయోగపడునని తలచి యిచ్చట వ్రాయుచున్నాను.

మేము అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రమున కాపురమున్నాము. ఇచ్చటి చలి ఉత్తరపు రాష్ట్రముల చలియంత తీవ్రము గాదు. అయినను జనవరి రాత్రులందు బయట నీరు గడ్డకట్టును. ఈ ప్రాంతమున పెక్కు ఇండ్లకు హీట్‌పంపు అను యంత్రమే శీతకాలమున వేడిని, వేసవిలో చల్లదనమును ఇచ్చును. 2016లో మేము కొన్న పాత యింటికి, 2012లో తయారైన అట్టి యంత్ర మొకటి అప్పటికే అమర్చబడియుండెను.

ఈ యంత్రము చేయు పని యేమో తెలియవలెనన్న మీ వంటయింటి ఫ్రిజ్జి వెనుక చేయిపెట్టి చూడుడు. అచ్చట వెచ్చగా నుండును. లోపలనున్న పాలు, కూరలయందలి వేడిని తోడి అది బయట పోయుచున్నది. హీట్‌పంపు చేయునదియు నిదియే. శీతకాలమున బయటిగాలిలోని వేడిని తోడి ఇంటిలో పోయును. చలిగాలిలో వేడి యెక్కడిదని మీ రడుగవచ్చును. మనకు చల్లగా దోచు గాలియందును వేడి యుండనే యుండును. గొట్టములలో తిరుగు వాయువు ఆ గాలికంటెను చల్లనై దానినుండి వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ వాయువును నొక్కి మఱింత వేడెక్కించును. వేసవి రాగానే ఒక కవాటము మారి, అదే యంత్రము ఇంటిలోని వేడిని బయటికి పంపును. ఇట్టి యంత్రముతో ఇండ్లను వెచ్చజేయవచ్చునని 1852లోనే బ్రిటిషు శాస్త్రజ్ఞుడు కెల్విన్ ప్రభువు, అప్పటికి విలియం థామ్సన్, సూచించెను.

విద్యుత్తుతో తీగను కాల్చి వేడి పుట్టించినచో ఒక పాలు విద్యుత్తునకు ఒక పాలు వేడియే వచ్చును. హీట్‌పంపు ఓమోస్తరు చలిలో ఒక పాలు విద్యుత్తుతో రెండు మూడు పాళ్ల వేడిని తెచ్చును. యంత్రము ఆగినప్పుడు ఆదుకొనుటకు ఇంటిలోపల అట్టి తీగలును అమర్చియుందురు గాని, వానిపై ఆధారపడిన దినములలో విద్యుత్తు బిల్లు చూచినచో గుండె జల్లుమనును.

2022 జనవరిలో ఒకనాటి రాత్రి మా యంత్రము ఆగెను. బయటి పెట్టెనుండి తుమ్మెద రొదవంటి ధ్వని వచ్చుచుండెను గాని పంకా తిరుగలేదు. తెల్లవారుసరికి ఇంటిలో 60 డిగ్రీల ఫారన్‌హీటు మాత్రమే యుండెను. చిన్నవాడు రాత్రియంతయు దగ్గెను. మావారు పనిమీద ఊరు వెళ్లియుండిరి. నేను ఫోను చేయగా వచ్చిన పనివాడు ఆ ధ్వని విని, పెట్టె చుట్టు ఒకసారి తిరిగి, కంప్రెసరు పోయినదని చెప్పెను. పదేండ్ల యంత్రమునకు మరమ్మతు దండుగయని, మొత్తము మార్చుకొనుటయే మేలని, 9,800 డాలర్లకు అంచనా వ్రాసి యిచ్చెను. ఆ సాయంకాలములోగా సంతకము చేసినచో మరునాడే బిగింతునని కూడ చెప్పెను.

ఆ కాగితము చూడగానే నాకు గుర్తు వచ్చినది ప్రయాణపు పుట. అందులో 4,600 డాలర్లుండెను. 2020లోను 2021లోను కరోనా వలన మేము స్వదేశమునకు పోలేకపోతిమి. తాడేపల్లిగూడెములో మా నాయనగారికి 79 ఏండ్లు నిండినవి. ఏప్రిలులో తప్పక పోవలెనని ఆ సొమ్ము కూర్చుకొంటిమి. చలిలో పిల్లల నుంచుట యెట్లు? కనుక ప్రయాణమే మానవలెనని నిశ్చయించుకొని, నాయనగారికి ఫోను చేసితిని.

"నాయనా, ఈ ఏడూ రాలేమేమో. ఇంట్లో వేడి యంత్రం పాడైంది" అంటిని.

మా నాయనగారు 31 ఏండ్లు బియ్యపు మిల్లులో ఫిట్టరుగా పనిచేసినవారు. రాలేమన్న మాటకు ఆయన ఏమియు అనలేదు.

"ఏ ముక్క పోయిందమ్మడూ?" అని అడిగిరి.

"కంప్రెసరు అన్నాడు."

"కొలిచి చెప్పాడా, చప్పుడు విని చెప్పాడా?"

నేను ప్రత్యుత్తర మీయలేకపోతిని.

"కొలవకుండా చెప్పిన జబ్బుకి ఆపరేషన్ చేయించుకోకు. ఇంకొకణ్ణి పిలు. ముక్క పేరేమిటో అడుగు, కొలతెంతో అడుగు, పోయిన ముక్క చేతికిమ్మను. వాడొచ్చేలోపు నువ్వు బయటికెళ్లి ఆ యంత్రం మీదున్న రేకు చదివి, అందులో ఏముందో అంతా రాసుకో."

శాలువ కప్పుకొని బయటికి పోయితిని. ఆరేండ్లుగా ఆ పెట్టె ప్రక్కనుండి నడచుచున్నను దాని వెనుక రేకు ఒకటి కలదని నేను ఎఱుగను. మంచు తుడిచి చదివితిని. మోడలు నంబరు, సీరియలు నంబరు, తయారైన నెల, వోల్టులు, ఆంపియరులు, అందు పోసిన వాయువు పేరు ఆర్-410ఏ, దాని తూకము, అన్నియు నుండెను. ఫొటో తీసి, పద్దుపుస్తకపు చివరి పుటలో వ్రాసికొంటిని.

రెండవ పనివాడు మధ్యాహ్నము వచ్చెను. కరెంటు ఆపి, మూత విప్పి, మీటరుతో ఒక్కొక్కటే కొలిచెను. చిన్న డబ్బావంటి వస్తువు నొకదానిని తీసి నాకు చూపెను. అది కెపాసిటరు. కంప్రెసరు, పంకా మోటార్లు కదలి నడచుటకు కావలసిన ఊతము దానివలన వచ్చును. దానిపై 45 మైక్రోఫారడులని వ్రాసియుండగా మీటరు 6 మాత్రమే చూపెను. దాని తల ఉబ్బియుండెను. కొత్తది వేయుటకు ఇరువది నిమిషములు పట్టెను. రాకపోకల కూలితో గలిపి 185 డాలర్లు. పాత ముక్కను నా చేతికిచ్చి పోయెను.

మొదటివాడు మోసగాడని నేను చెప్పజాలను. కెపాసిటరు చెడినను కంప్రెసరు చెడినను ఆ రొద యించుమించుగా ఒకటియే. అతడు కొలువలేదు, నేను అడుగలేదు. 185 డాలర్ల దోషమునకు 9,800 వెచ్చింపబోయినది నా భయమే. ఏప్రిలులో మేము స్వదేశమునకు పోయితిమి.

తాడేపల్లిగూడెములో ఆ పాత కెపాసిటరును నాయనగారి చేతిలో పెట్టితిని. ఆయన నవ్వి, తన మిల్లు నోటుపుస్తకము తెప్పించిరి. నూనె మరకలు పడిన ఆ పుస్తకములో బెల్టులు, బేరింగులు, వాని నంబర్లు, మార్చిన తేదీలు వరుసగా నుండెను. ఒక నంబరుపై వ్రేలు పెట్టి, "6205 అంటే చాలు. లోపలి కంత 25 మిల్లీమీటర్లు, బయట 52, మందం 15. ఏ కంపెనీవాడు చేసినా అదే కొలత. ఇలాంటివి కొలతతో కొనే ముక్కలు. కొన్ని ముక్కలు మాత్రం ఆ యంత్రం పేరు చెప్పి కొనాలి. ఈ రెంటికీ తేడా తెలియనివాడు మిల్లు ఆపుతాడు" అని చెప్పిరి.

ఆ వారములోనే మా తమ్ముని యింట ఏసీకి పనివాడు వచ్చెను. ప్రతి వేసవిని గ్యాసు అయిపోయినదనుట, నింపుట, సొమ్ము తీసికొని పోవుట అలవాటుగా జరుగుచుండెనట. నాయనగారు అరుగుమీదనుండియే, "అయిపోవడానికి అదేమన్నా కిరసనాయిలా? కాలిపోతోందా? గొట్టంలో తిరిగేది ఎక్కడికి పోతుంది?" అని అడిగిరి. వాస్తవమదియే. ఏసీలోగాని, హీట్‌పంపులోగాని, ఫ్రిజ్జిలోగాని ఆ వాయువు ఖర్చగునది కాదు. తగ్గినదన్నచో ఎక్కడనో కారుచున్నదని అర్థము. వెదకగా గొట్టము బిగించిన నట్టువద్ద నూనె మరక కనబడెను. ఆ నట్టు సరిచేసి గ్యాసు నింపినపిమ్మట మరుసటి వేసవి వారు గ్యాసు కొనలేదు.

తిరిగి వచ్చినపిమ్మట 2022 మేలో మా పద్దుపుస్తకమున యంత్రమునకు ఒక పుట తెఱచితిని. పైన రేకుమీది నంబర్లు, గాలిజల్లెడ కొలత వ్రాసితిని. పూచీ సంగతియు విచారించితిని. ఇచ్చట పెక్కు కంపెనీలు యంత్రము బిగించిన 60 లేక 90 దినములలో పేరు నమోదు చేసికొన్నవారికి విడిభాగములకు పదేండ్ల పూచీ యిచ్చును, చేసికొననివారికి ఐదేండ్లే. కూలి తరచుగా అందులో చేరదు. మా యంత్రమును కొన్న మునుపటి యజమాని నమోదు చేయలేదు. పూచీ మేము ఇల్లు కొన్న మరుసటి యేడే తీరిపోయెను. కనుక నెలకు 100 డాలర్లు ఆ పుటలో జమకట్ట నారంభించితిని. ఏటేట శుభ్రము చేయించుటకు 160 డాలర్లు అందులోనుండియే. ప్రయాణపు పుటనుండి యంత్రమునకు, యంత్రపు పుటనుండి ప్రయాణమునకు ఒక్క డాలరైనను మార్చరాదని మావారును నేనును నియమము చేసికొంటిమి.

రెండవ మరమ్మతు 2023 డిసెంబరులో వచ్చెను. చలిలో పనిచేయునప్పుడు బయటి పెట్టె తీగచుట్టలపై మంచు పట్టుట సహజము. అప్పుడప్పుడు యంత్రము కొన్ని నిమిషములు ఎదురు తిరిగి ఆ మంచును కరగించుకొనును. అప్పుడు లేచు ఆవిరిని చూచి పొగయని భయపడినవారు కలరు. ఈ కరగించు పనిని నడపు చిన్న పలక ఒకటి లోపల నుండును. అది చెడగా పెట్టె అంతయు మంచుగడ్డ యాయెను. పనివాడు కొలిచి, పేరు చెప్పి, కొత్త పలకకు 210, కూలికి 240 డాలర్లగునని చెప్పెను.

ఇచ్చట నేను గర్వమునకు పోయితిని. ముక్క పేరు తెలిసెను గదా, నేనే చౌకగా కొందునని ఇంటర్నెట్టులో వెదకి, ఫొటోలో సరిగా అటువంటిదే యగు పలకను 130 డాలర్లకు తెప్పించితిని. తీరా చూడగా తీగలు తగిలించు చోట్లు వేరు. విద్యుత్ భాగములు తిరిగి తీసికొనబడవని రసీదులోనే యుండెను, నేను చదువలేదు. పిమ్మట మోడలు నంబరు చెప్పి, అసలు భాగమునకు కంపెనీవారు పెట్టిన క్రొత్త నంబరు తెలిసికొని తెప్పించుసరికి మొత్తము తొమ్మిది దినములు గడచెను. అన్నిదినములును లోపలి తీగలే యింటిని కాపాడినవి. ఆ నెల బిల్లు వెనుకటి యేటి డిసెంబరుకంటె 148 డాలర్లు హెచ్చెను.

ఫోనులో నాయనగారికి చెప్పగా, "నీకు రెండు రకాలు చెప్పాను గదమ్మా. అది బేరింగు కాదు" అని మాత్రమే అనిరి.

నాటినుండి యంత్రపు పుటలో మూడు వరుసలు గీసితిని. మొదటిది, కొలతతో కొనునవి: కెపాసిటరు, కాంటాక్టరు, గాలిజల్లెడ. వీనికి మైక్రోఫారడులు, వోల్టులు, అంగుళములు సరిపోయిన చాలును. రెండవది, యంత్రము పేరుతో కొనునవి: పలకలు, తీగచుట్టలు, కవాటము, పంకా మోటారు. వీనికి మోడలు నంబరు, భాగపు నంబరు రెండును కలియవలెను. పాత నంబరు మారినదేమో కూడ అడుగవలెను. మూడవది, మనము కొనగూడనిది: ఆ వాయువు. ఈ దేశమున ప్రభుత్వపు పరీక్షలో నెగ్గి పత్రము పొందినవారికే దానిని అమ్ముదురు. కొలతతో కొనునవియైనను బిగించు పని నేను చేయను. కరెంటు ఆపినపిమ్మటను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. తెలిసికొనుట నా పని. విప్పుట వారి పని.

2024 ఆగస్టులో నాయనగారు పరమపదించిరి. విమానము దిగి నేను చేరుసరికి అంతయు ముగిసియుండెను. మరుసటి యేటి సంవత్సరీకమునకైన నేను ముందుగా పోయి యుండవలెనని నిశ్చయించుకొంటిని.

ఆ ప్రయాణమునకు నెల యుండగా, 2025 జూలైలో, యంత్రము మూడవసారి చెడెను. ఈసారి ఇంటిలోపలి తీగచుట్టకు చిల్లి పడెను. కొలిచి, చిల్లి చోటు చూపి, చుట్టకును వాయువునకును 2,900 డాలర్లగునని పనివాడు చెప్పెను. యంత్రమునకు 13 ఏండ్లు. ఇచ్చటి బజారులో ఒక మోటులెక్క కలదు: మరమ్మతు సొమ్మును యంత్రపు వయస్సుచే గుణించినచో 5,000 దాటెనేని కొత్తది కొనుట మేలట. ఇది శాస్త్రము కాదు గాని, భయపడినవేళ పట్టుకొనుటకు ఒక ఊతకోల. కెపాసిటరునాడు 185ను పదిచే గుణించిన 1,850; మరమ్మతే సరి. పలకనాడు 450ని పదునొకండుచే గుణించిన 4,950. గీతకు ఈవలనే యుంటిమి. ఇప్పుడు 37,700.

చుట్ట మాత్రము మార్చి, బయటి పెట్టెను కొన్నాళ్లకు మార్చుకొందమా యని ఆలోచించితిమి. అదియు కుదరదని తెలిసెను. 2025 జనవరి 1 నుండి ఈ దేశమున ఇండ్లకు ఆర్-410ఏతో కొత్త యంత్రములు తయారుచేయుట నిలిచిపోయెను. ఇప్పుడు వచ్చునవి ఆర్-454బి లేక ఆర్-32తో నడచునవి. పాత యంత్రముల మరమ్మతునకు పాత వాయువు దొరకును గాని, కొత్త పెట్టెను పాత చుట్టతో జతచేయరాదు. కొన్నచో రెండును కొనవలెను.

ముగ్గురిచేత అంచనాలు వ్రాయించితిమి. యంత్రమునకెంత, కూలికెంత, అనుమతి పత్రమునకెంత, పాతదానిని తీసికొనిపోవుటకెంత అని పంక్తికొక పద్దుగా వ్రాయుమని అడిగితిమి. అట్లు వ్రాయనని మొత్తము చెప్పినవానిని వదలి, 11,400 డాలర్ల అంచనాను అంగీకరించితిమి. యంత్రపు పుటలో 39 నెలలకు 3,900 జమ. పలకలకు, దాని కూలికి 580, మూడుసార్లు శుభ్రమునకు 480 పోగా 2,840 నిలువ. అది బయానాగా ఇచ్చి, మిగిలినదానికి నెలవాయిదాలు వ్రాసికొంటిమి. అప్పటి చట్టము ప్రకారము, తగిన సామర్థ్యముగల హీట్‌పంపునకు ఖర్చులో నూటికి 30 పాళ్లు, 2,000 డాలర్లకు మించకుండ, ఆదాయపు పన్నులో తగ్గించుచుండిరి. మాకును అది లభించెను. 2025 డిసెంబరు 31 తరువాత బిగించినవానికి ఆ సహాయము లేదు. బిగించిన మూడవనాడే పూచీకి పేరు నమోదు చేసి, ఆ కాగితమును పుటకు అంటించితిని.

ప్రయాణపు పుట ముట్టబడలేదు. ఆగస్టులో సంవత్సరీకమునకు వారము దినములు ముందుగనే నేను మా అమ్మవద్ద నుంటిని.

హీట్‌పంపు మీ యింట లేకపోవచ్చును. ఏసీ, ఫ్రిజ్జి, మోటారు, గ్రైండరు ఏదో యొకటి యుండును. అది చక్కగా నడచుచున్న ఈ దినముననే దాని రేకు చదివి వ్రాసికొనుడు. చెడిననాడు ముక్క పేరు, కొలత అడుగుడు. పాత ముక్క తీసికొనుడు. నెలకు కొంచెమైనను దాని పేర వేరుగా ఉంచుడు. లేనిచో అది చెడిననాడు తనకు కావలసిన సొమ్మును ఏ పుటనుండి లాగుకొనునో మనము చెప్పజాలము.

తిరుగు ప్రయాణమునాడు మా తమ్ముడు నాయనగారి మిల్లు నోటుపుస్తకమును నా చేతిలో పెట్టెను. అది యిప్పుడు మా పద్దుపుస్తకము ప్రక్కన నుండును. ఈ నెల యంత్రపు పుటలో 100 డాలర్లు జమ, ఖర్చు లేదు.